ఊడిన క్యాప్ లోపల ఏముందో చూడండి

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి టిష్యూ కాగితం తీసి, మడతలు విప్పి, క్యాప్‌ను నా చేతిలో పెట్టారు. కింది దవడ పన్నుకు ఏడాదిన్నర కిందట నేనే వేసిన జిర్కోనియా క్యాప్ అది, అంటే లోహంలాంటి గట్టిదనం ఉన్న తెల్లటి సిరామిక్. విరగలేదు, అంచు చిట్లలేదు, రంగు మారలేదు. "ఐదు నిమిషాల పనే కదా డాక్టర్ గారూ, మళ్లీ అతికించేయండి" అన్నారు.

ఊడిన క్యాప్ ఎవరు తెచ్చినా నేను ముందు దాని లోపలికి చూస్తాను. ఆ తర్వాత పన్నును చూస్తాను. ఎవరు పట్టు వదిలారో సిమెంట్ మిగిలిన చోటే చెబుతుంది. సిమెంట్ అంతా క్యాప్‌లోనే ఉండి పన్ను నున్నగా కనిపిస్తే పన్ను వైపు పట్టు పోయినట్టు. అతికించేటప్పుడు తడి తగిలి ఉంటుంది, లేదా చిగురు నుంచి రక్తం ఊరి ఉంటుంది, లేదా టెంపరరీ సిమెంట్ పూర్తిగా గీకి ఉండరు. రెండు వైపులా కొంత కొంత మిగిలితే సిమెంటే మధ్యలో తెగినట్టు. ఈమె క్యాప్ లోపల మాత్రం ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చినట్టు తెల్లగా మెరుస్తోంది. పన్ను మీద సిమెంట్ పొర చెక్కుచెదరకుండా ఉంది.

అంటే పన్ను సిమెంట్‌ను పట్టుకునే ఉంది, క్యాప్ వదిలేసింది. ఇది నన్ను చాలా బాధపెట్టింది. పన్ను వైపు పని చేసేటప్పుడు ఉమ్మి, నాలుక, చిగురు అన్నీ అడ్డొస్తాయి. క్యాప్ లోపలి వైపు పని అలా కాదు. ట్రే మీద, మంచి వెలుతురులో, పొడి చేతులతో చేసుకునే పని. అక్కడ తప్పు జరిగిందంటే అది నాదే.

ఆ తప్పేమిటో తెలుసుకోవడానికి పాత కేసు షీట్ తీశాను. క్యాప్ సరిపోయిందో లేదో నోట్లో పెట్టి చూశాక దాని లోపలంతా ఉమ్మి అంటుకుంటుంది. అది శుభ్రం చేయడానికి నీలం రంగు జెల్ వాడినట్టు నా చేతిరాతలోనే ఉంది. అది ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్. ఫిల్లింగ్ ముందు ఎనామిల్ మీద, అంటే పంటి పైనున్న గట్టి పొర మీద, రాసేది అదే. ఎన్నో ఏళ్లుగా గాజు రకం సిరామిక్ క్యాప్‌లను ట్రయల్ తర్వాత దానితోనే శుభ్రం చేస్తున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. జిర్కోనియాకు కూడా అదే చేశాను. ఆ క్యాప్ ఊడటానికి మూలం అక్కడుందని నాకు అనుమానం లేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి చాలాకాలం దంతవైద్యులు ఎక్కువగా నమ్ముకున్నది జింక్ ఫాస్ఫేట్ సిమెంట్‌ను. చల్లటి గాజు పలక మీద పొడిని కొద్దికొద్దిగా ద్రవంలోకి లాగుతూ కలపడం మా తరం కూడా కాలేజీలో నేర్చుకుంది. ఆ సిమెంట్ పంటికీ అంటుకోదు, క్యాప్‌కీ అంటుకోదు. రెండింటి మధ్య సందులో గట్టిపడి, ఇటూ అటూ ఉన్న సన్నటి గరుకుల్లో ఇరుక్కుని కూర్చుంటుంది. పారకు కర్ర బిగిసినట్టు బిగుసుకుంటుంది, అంతే. అందుకే ఆ రోజుల్లో అసలు బలమంతా పన్ను అరగదీసిన ఆకారంలో ఉండేది. గోడలు ఎత్తుగా ఉండాలి, ఎక్కువ వాలుగా ఉండకూడదు. దవడ పన్నుకు కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు పళ్లకు 3 మిల్లీమీటర్లు, ఎదురెదురు గోడల వాలు రెండూ కలిపి 10 నుంచి 20 డిగ్రీల లోపు అన్న లెక్క ఇప్పటికీ పనికొస్తుంది.

పంటికి నిజంగా అంటుకునే మొదటి సిమెంట్ 1968లో వచ్చింది. డెనిస్ స్మిత్ తయారు చేసిన జింక్ పాలీకార్బాక్సిలేట్ అది. తర్వాత కొద్ది సంవత్సరాలకే లండన్‌లో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ గ్లాస్ అయానమర్ తెచ్చారు. పంటిలోని కాల్షియంతో రసాయనికంగా కలిసే సిమెంట్ ఇది, కొంచెం తడి ఉన్నా తట్టుకుంటుంది. దానికి రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం, కలిపిన రకాన్ని ఈరోజుకీ రోజూ వాడుతున్నాం.

ఇంకో దారి ఎనామిల్ నుంచి మొదలైంది. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ యాసిడ్‌తో గరుకు చేస్తే రెజిన్ దాన్ని గట్టిగా పట్టుకుంటుందని చూపించారు. 1980ల మొదట్లో పింగాణీని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేసి అతికించే పద్ధతి వచ్చింది. దానితో సిరామిక్ దశ తిరిగింది. అప్పటిదాకా పింగాణీ క్యాప్ అంటే చూడటానికి బాగుండి, త్వరగా పగిలేది. పంటితో ఒకటిగా అతుక్కున్నాక అదే పల్చటి పింగాణీ చాలా బరువు మోయగలిగింది. వెనక ఆసరా లేని గాజు పలక మీద కాలు వేస్తే ఏమవుతుందో తెలిసిందే. అదే గాజు పలకను నేలకు ఎక్కడా సందు లేకుండా అతికిస్తే తట్టుకుంటుంది. గాజు రకం సిరామిక్‌లో సిమెంట్ కూడా బలంలో భాగమే.

ఇక్కడే సిరామిక్ రెండు కులాలుగా చీలిపోతుంది. ఈ తేడా పేషెంట్లకు ఎవరూ చెప్పరు. మాలో కొందరం కూడా మర్చిపోతుంటాం.

ఒక రకంలో గాజు ఉంటుంది. పాత పింగాణీ, లూసైట్ రకం, ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్, అంటే చాలామంది ఈమాక్స్ అని పిలిచేది, ఇవన్నీ ఈ రకమే. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వీటిలోని గాజును కరిగించి, కంటికి కనపడని గుంటలు చేస్తుంది. లిథియం డైసిలికేట్‌కు 5 శాతం యాసిడ్‌తో 20 సెకన్లు చాలు, లూసైట్ రకానికి 60 సెకన్లు. ఎక్కువసేపు ఉంచితే మంచిదనుకుని ఉంచితే సిరామిక్ బలహీనపడుతుంది. తర్వాత సైలేన్ రాస్తాం. దానికి రెండు చేతులున్నట్టు, ఒకటి గాజును పట్టుకుంటుంది, ఇంకోటి రెజిన్‌ను పట్టుకుంటుంది. (ఆ యాసిడ్‌ను నోటికి దూరంగా, గ్లవ్స్, కళ్లద్దాలతోనే వాడాలి. చర్మం మీద పడితే మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, లోపలికి దిగిపోతుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట లేకుండా ఆ సీసా మూత తీయకూడదు.)

రెండో రకం జిర్కోనియా. ఇందులో గాజే లేదు. వంచే పరీక్షలో లిథియం డైసిలికేట్ సుమారు 400 మెగాపాస్కల్‌ల దాకా నిలబడితే, మామూలు జిర్కోనియా 1000 దాటుతుంది. అంత గట్టిది కాబట్టి దాన్ని మామూలు సిమెంట్‌తో కూడా పెట్టొచ్చు, గోడలు సరిగ్గా ఉంటే. కానీ గాజు రకానికి చేసినట్టు యాసిడ్ పెట్టి సైలేన్ రాస్తే దాని మీద పని చేయదు. దానికి సన్నటి అల్యూమినా పొడితో, 50 మైక్రాన్ల రేణువులతో, తక్కువ ఒత్తిడిలో సాండ్‌బ్లాస్ట్ చేయాలి. ఆ తర్వాత ఎమ్‌డీపీ అనే అణువు ఉన్న ప్రైమర్ రాయాలి. ఆ అణువుకు ఒక కొసన ఫాస్ఫేట్ ఉంటుంది. అది జిర్కోనియాను పట్టుకుంటుంది. ఇంకో కొస రెజిన్‌తో కలుస్తుంది.

నా తప్పు సరిగ్గా ఆ ఫాస్ఫేట్ దగ్గరే ఉంది. జిర్కోనియాకు ఫాస్ఫేట్ అంటే అంత ఇష్టం కాబట్టే ఎమ్‌డీపీ దాన్ని పట్టుకోగలుగుతోంది. అయితే ఉమ్మిలోనూ ఫాస్ఫేట్ ఉంది. ట్రయల్‌కు నోట్లో పెట్టగానే అది వెళ్లి జిర్కోనియా మీద కూర్చుంటుంది, నీళ్లతో కడిగితే పోదు. నేనేమో దాన్ని పోగొట్టడానికి ఫాస్ఫారిక్ యాసిడ్ రాశాను. కడగాలనుకున్న దాన్నే ఇంకా రుద్దాను. తర్వాత ప్రైమర్ రాసినా దానికి కూర్చునే చోటు లేదు. ఈమాక్స్‌కు మేలు చేసిన జెల్ జిర్కోనియాకు కీడు చేసింది. రెండూ తెల్లగానే ఉంటాయి, ట్రే మీద పక్కపక్కన పెడితే తొందరలో తేడా కూడా తెలియదు. ట్రయల్ అయ్యాక మళ్లీ ఒకసారి సాండ్‌బ్లాస్ట్ చేసి ఉంటే, లేదా జిర్కోనియా కోసమే వచ్చే క్లీనింగ్ పేస్ట్ వాడి ఉంటే ఆమె ఆ టిష్యూ కాగితంతో వచ్చేవారు కాదు.

ఇంతవరకూ చెప్పింది ఒక మెట్టులో జరిగిన పొరపాటు. అయితే ఆ కేసు షీట్‌ను ఇంకా పైకి చదువుతూ వెళ్తే ఇంకో సంగతి కనపడింది. ఆమె పన్ను పొట్టిది. అరగదీశాక గోడ ఎత్తు 3 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా మిగిలింది. ఆకారం పట్టుకోలేని పన్ను కాబట్టి బరువంతా సిమెంట్ మీదే పడింది. ఆ సంగతి పన్ను ముట్టుకోక ముందే ఎక్స్‌రేలో, అచ్చులో కనపడుతూనే ఉంది. నేను చూడలేదా అంటే చూశాను. కానీ సిమెంట్ గురించి ఆలోచించింది మాత్రం క్యాప్ చేతికొచ్చిన రోజున, అసిస్టెంట్ "ఏది కలపమంటారు" అని అడిగినప్పుడు.

నా వాదన ఇదే. సిరామిక్ క్యాప్‌ను దేనితో, ఎలా అతికిస్తామన్నది పన్ను అరగదీయడానికి ముందే తేలిపోవాలి. ఆ ప్రశ్నను ఆఖరి రోజుకు వదిలేస్తే దానికి జవాబు అప్పటికే మన చేయి దాటిపోయి ఉంటుంది.

ఒక ఉదాహరణ చాలు. ఈమాక్స్ తయారీదారు సూచనల్లో, రెజిన్‌తో పూర్తిగా బాండ్ చేసేటట్టయితే క్యాప్ మందం 1 మిల్లీమీటర్ ఉన్నా సరిపోతుందని ఉంది. మామూలు సిమెంట్ పెట్టేటట్టయితే 1.5 మిల్లీమీటర్లు కావాలి. ఆ అర మిల్లీమీటర్ ఎవరిది? పేషెంట్ పన్నుది. ఒకసారి అరగదీశాక మళ్లీ రాదు. సన్నగా అరగదీసి, తీరా చిగురు దగ్గర తడి ఆగడం లేదని ఆఖరి రోజు గ్లాస్ అయానమర్ వైపు తిరిగితే, పల్చటి గాజుకు వెనక ఆసరా లేకుండా చేసినట్టే. ఏ సిమెంటో తెలియకుండా ఎంత అరగదీయాలో ఎలా తెలుస్తుంది?

అలాగే అంచు ఎక్కడ పెడుతున్నాం అన్నది. చిగురు పైన, ఎనామిల్ మీద అంచు ఉంటే ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ రబ్బర్ పొర, అంటే రబ్బర్ డ్యామ్, కట్టుకుని హాయిగా బాండ్ చేయొచ్చు. చిగురు కిందికి లోతుగా దిగితే అక్కడ ఎంత దూది పెట్టినా, ఎంత దారం కుక్కినా తేమ ఊరుతూనే ఉంటుంది. అలాంటి చోట మంచి ఎత్తున్న గోడలు, జిర్కోనియా, రెజిన్ కలిపిన గ్లాస్ అయానమర్ ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. పన్ను పొట్టిదై, అంచు లోతుగా కూడా ఉంటే ముందు చిగురును సరిచేయించాలి, లేదా గోడల్లో గాడులు పెట్టి పట్టు పెంచాలి, లేదా పేషెంట్‌తో కూర్చుని వేరే మార్గాలు మాట్లాడాలి. ఇవన్నీ మొదటి రోజు మాటలు.

నరం బతికున్న పన్నయితే ఇంకో మాట కూడా ఉంది. అరగదీసిన రోజే, అచ్చు తీసుకునే ముందే, బయటపడ్డ డెంటిన్ మీద, అంటే ఎనామిల్ కింది పొర మీద, బాండ్ రాసి మూసేయడం మంచిది. అప్పుడే కోసిన డెంటిన్ తాజాగా ఉంటుంది, ఉమ్మి, టెంపరరీ సిమెంట్ ఏవీ తగిలి ఉండవు. తర్వాత రెజిన్ పట్టు బాగుంటుంది, మధ్యలో జివ్వుమనడం కూడా తగ్గుతుంది. రెజిన్ వాడతామని ముందే అనుకుంటేనే ఇది చేయగలం. అలాగే లవంగ నూనె వాసన వచ్చే యూజెనాల్ ఉన్న టెంపరరీ సిమెంట్ రెజిన్ గట్టిపడటాన్ని చెడగొడుతుంది. అది లేని టెంపరరీ సిమెంట్ ఎంచుకోవాలన్నా ముందే తెలిసి ఉండాలి.

నాకు పని నేర్పిన సీనియర్ ఒకరు దీన్ని ఒప్పుకోరు. "పన్ను సరిగ్గా అరగదీస్తే ఏ సిమెంటైనా నిలుస్తుందయ్యా, ముప్పై ఏళ్ల కిందట జింక్ ఫాస్ఫేట్‌తో పెట్టినవి ఇప్పటికీ ఉన్నాయి" అంటారు. ఆయన పెట్టిన క్యాప్‌లు నేను చూశాను. నిజంగానే ఉన్నాయి, నాకు ఆయనంటే గౌరవం. కానీ అవి లోహం మీద పింగాణీ పూసినవి, లేదా పూర్తిగా లోహానివి. ఆసరా లేకపోయినా అవి పగలవు. పైగా ఆయన ఎత్తైన గోడల కోసం పన్నును నిండుగా అరగదీసేవారు. ఇప్పుడు మనం పన్నును వీలైనంత మిగల్చాలని చూస్తున్నాం. ఆకారంలో తగ్గించుకున్నది అతుకులో కట్టాల్సిందే. ఆ అనుభవాన్ని తెచ్చి పల్చటి లిథియం డైసిలికేట్ మీద పెడితే సరిపోదు.

దీనికి పూర్తిగా అటు చివర ఉన్నవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్లు అన్నిటికీ రెజినే అంటారు. కొలతల్లో పట్టు ఎక్కువ కాబట్టి అదే మేలంటారు. ఆ కొలతలు పొడిగా, శుభ్రంగా ఉన్న పంటి మీద తీసినవి. చిగురు నుంచి రక్తం చెమ్మ ఊరుతున్న చోట అదే రెజిన్ మామూలు గ్లాస్ అయానమర్ కంటే అధ్వానంగా పని చేస్తుంది. పక్కకు వచ్చిన రెజిన్ చిగురు కింద రాయిలా గట్టిపడితే తీయడం కష్టం, అక్కడే గార పట్టి చిగురు వాస్తుంది. మళ్లీ ఎప్పుడైనా లోపల రూట్ కెనాల్ అవసరమైతే బాండ్ చేసిన క్యాప్‌ను నెమ్మదిగా ఊడదీయడం కుదరదు, కోయాల్సిందే.

ఇక అతికించే రోజు సంగతి. మొదట పక్క పళ్లకు క్యాప్ ఎలా తగులుతోందో ఫ్లాస్‌తో చూడాలి. ఆ తర్వాత అంచు, అన్నిటికన్నా చివర బైట్, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు. ఈ వరస తప్పితే పక్క పన్నుకు బిగుతుగా తగిలి క్యాప్ పైకి లేచి ఉన్నా, బైట్ ఎత్తుగా ఉందనుకుని పైన అరగదీసేస్తాం. గాజు రకం క్యాప్‌నైతే అతికించక ముందు "గట్టిగా కొరకండి" అనకూడదు. సన్నగా టిక్కుమన్న ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్లెవరూ రెండోసారి ఆ మాట అనరు.

సిమెంట్ ఎంత పెట్టాలన్న దాని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నేను మాట్లాడతాను. క్యాప్‌ను నింపకూడదు. లోపలి గోడలకు పల్చటి పూత చాలు. నీళ్లతో కలిసే సిమెంట్‌లకు అంతర్జాతీయ ప్రమాణం పొర మందం 25 మైక్రాన్లు మించకూడదంటుంది, అంటే తల వెంట్రుక కంటే సన్నం. నిండా నింపితే బయటికి దారిలేని సిమెంట్ క్యాప్‌ను పైకి నెడుతుంది. ఆ మిగిలిన ఎత్తు అంచు దగ్గర సందుగా బయటపడుతుంది. అక్కడే తర్వాత పుచ్చు మొదలవుతుంది.

పెట్టి, నిలకడగా నొక్కి పట్టుకుని, సిమెంట్‌ను గట్టిపరిచే లైట్‌ను అంచుల మీద రెండు మూడు సెకన్లు మాత్రమే చూపిస్తాను. అప్పుడు బయటికొచ్చిన రెజిన్ జెల్లీలా అవుతుంది, అంచు వెంట పట్టీలాగా ఊడి వస్తుంది. ఈ కాసేపే మన చేతిలో ఉన్న సమయం. అప్పుడే క్యాప్‌ను వేలితో నొక్కి పట్టుకుని ఫ్లాస్ దించి, పైకి లాగకుండా పక్కకు లాగేయాలి. పైకి లాగితే క్యాప్ కదలొచ్చు. ఇంకో పది సెకన్లు ఏమరుపాటుగా ఉంటే పళ్ల మధ్య రాయి తయారవుతుంది. అందుకే ఆ సమయంలో నా గదిలో ఫోన్ మోగినా ఎవరూ ఎత్తరు. ఆ తర్వాత అంచు మీద గ్లిజరిన్ జెల్ రాసి పూర్తిగా లైట్ పెడతాను. గాలి తగిలిన పైపొర సరిగ్గా గట్టిపడదు కాబట్టి ఆ జెల్. మందపాటి జిర్కోనియా లోంచి లైట్ సరిగ్గా దిగదు. కాబట్టి దానంతటదే కూడా గట్టిపడే డ్యూయల్ క్యూర్ సిమెంట్‌నే వాడి, అది పూర్తిగా బిగిసేదాకా ఆగుతాను. బైట్ కోసం జిర్కోనియాను ఎక్కడైనా అరగదీస్తే అద్దంలా పాలిష్ చేస్తాను. గరుకుగా వదిలేస్తే ఎదురు పన్నును అరగదీస్తుంది.

ఇవన్నీ ఐదు నిమిషాల్లో అయ్యేవి కావు. చాలా చోట్ల క్యాప్ పెట్టే రోజును రెండు పెద్ద పనుల మధ్య ఇరికిస్తారు. నేనూ ఇరికించాను. పన్ను అరగదీయడానికి గంట కేటాయించి, దాన్ని నిలబెట్టే పనికి పావుగంట ఇచ్చాను. ఇప్పుడు దానికి విడిగా ముప్పావుగంట రాసుకుంటున్నాను. క్యాప్ ఆర్డర్ చేసే కాగితం మీద, రంగు పక్కనే, ఏ సిమెంటో కూడా రాసి ల్యాబ్‌కు పంపిస్తున్నాను. లోపల సాండ్‌బ్లాస్ట్ చేశారా, యాసిడ్ పెట్టారా అన్నది వాళ్లు అదే కాగితం మీద రాసి పంపిస్తారు.

క్యాప్ వేయించుకోబోతున్న వాళ్లకు ఒక మాట. "జిర్కోనియానా, ఈమాక్సా" అని అందరూ అడుగుతున్నారు, మంచిదే. దానితో పాటు "నా పన్ను ఎత్తు సరిపోతుందా, అతికించేటప్పుడు తడి లేకుండా ఉంచగలరా" అని కూడా అడగండి. క్యాప్ ఊడితే పారేయకండి. బజారులో దొరికే జిగురుతో మీరే అతికించుకోకండి. అది పంటికి మంచిది కాదు, ఎందుకు ఊడిందో చెప్పే ఆనవాళ్లు కూడా దానితో పోతాయి. చిన్న డబ్బాలో వేసి తీసుకురండి.

ఆ రోజు ఆమెకు ఐదు నిమిషాల్లో అవదని చెప్పి, మర్నాడు రమ్మన్నాను. పన్ను మీది పాత సిమెంట్‌ను నెమ్మదిగా తీసి, లోపల పుచ్చు లేదని చూసుకుని, గోడల్లో రెండు వైపులా సన్నటి గాడులు పెట్టాను. క్యాప్ లోపల మళ్లీ సాండ్‌బ్లాస్ట్ చేశాను, ప్రైమర్ రాశాను, రబ్బర్ డ్యామ్ కట్టాను. పని అయ్యాక "పోయినసారి ఇంతసేపు పట్టలేదే" అన్నారు. పోయినసారి నేనేం తప్పు చేశానో దాచకుండా చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే ఈసారి గట్టిగానే ఉంటుంది కదా" అన్నారు. ఆరు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ అంచు చుట్టూ ప్రోబ్, అంటే సన్నటి మొన ఉన్న పరికరం, తిప్పి చూస్తాను. ఇప్పటిదాకా అది ఎక్కడా సందులో తగిలి ఆగలేదు.